తెనాలిలోనే ఉడికిపోవలసిన మనిషిని

ఆ రోజుల్లో నాకు ఉద్యోగానుభవం బొత్తిగా లేదు. వయసు అరవై ఎనిమిది. (ముప్పై నాలుగేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మాట నిజమే గాని, బొగ్గుల పొయ్యి దగ్గర అది అనుభవం కిందికి రాదు.) రేపల్లెలో ఉండే మా మరిది ఉన్న పని మానుకుని, బాపట్లలో సముద్రానికి వెళ్లే దారిలో బార్బెక్యూ కొట్టు పెడతానన్నాడు. స్థలం గల పెద్దాయన రుచి చూశాకే తాళం ఇస్తానన్నారు. చూశారు. కోడి పైన మాడింది, లోపల పచ్చిగా ఉంది. "ఆదివారం ఇంకొక్కసారి వస్తానండి. అప్పుడూ ఇంతే అయితే స్థలం వేరేవాళ్లకి ఇచ్చేస్తాను" అని చెప్పి వెళ్లిపోయారు. మరిది మొహం చూడలేక నేను ఆ వారమే పనిలో చేరాను.

కోడి ఉడికిందో లేదో కంటితో కాదు, అంకెతో తేలాలన్నది నా సిద్ధాంతం. లోపల డెబ్బై నాలుగు డిగ్రీలు ఉంటే ఉడికినట్టని చదివి, కాగితం మీద రాసుకుని తెనాలి వెళ్లాను. కొట్టతను మూడు డిజిటల్ థర్మామీటర్లు ముందు పెట్టాడు. మొదటిది రెండు వేల రెండు వందలు, ఫోనుకి కబురు పంపుతుందట. (కోడి సంగతి ఫోనుకెందుకు?) రెండోది పదకొండు వందలు, సూది ఇనప మేకులా లావు, గుచ్చితే రసమంతా కారిపోతుంది. మూడోది అయిదు వందల యాభై, సూది సన్నం, నాలుగు సెకన్లలో అంకె నిలబడింది. అయినా పరీక్షించకుండా కొనే అలవాటు నాకు లేదు. సూదిని శుభ్రంగా కడిగి నాలుక కింద పెట్టుకున్నాను.

"అమ్మా! అది కోడికండి, నోట్లో పెట్టుకునేది కాదండి!"

తీసి చూశాను. తొంభై ఎనిమిది. "నా ఒళ్లు ఎప్పుడు చూసినా ఇంతే బాబూ. నీ మీటరు నిజాయితీ గలదే" అని కొనేశాను.

ఆదివారం పెద్దాయన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఐసు పెట్టెలోంచి తీసిన లెగ్ పీసుల్ని మరిది బొగ్గుల మీద పెట్టాడు. పైన ఎర్రగా కాలగానే సూది గుచ్చాను. డెబ్బై నాలుగు.

"దించెయ్."

"ఏడు నిమిషాలే అయింది వదినా!"

"అంకె వచ్చాక నిమిషాలతో పనేంటి?"

పెద్దాయన ముక్క తుంచారు. లోపల పచ్చి మాంసం. ప్లేటు పక్కన పెట్టి లేచారు. మరిది తల దించుకున్నాడు. అప్పటికి నా బుర్ర కదిలింది.

"ఆగండి అన్నయ్యగారూ! డెబ్బై నాలుగుకి కోడి ఉడికితే, తొంభై ఎనిమిదిలో ఉన్న నేను మొన్న తెనాలిలోనే ఉడికిపోయి ఉండాలి కదండీ?"

జ్వరాన్ని ఫారెన్‌హీట్‌లో చూసుకుంటాం, పొయ్యి వేడిని సెంటీగ్రేడ్‌లో చదువుకుంటాం. నేను రాసుకున్నది సెంటీగ్రేడ్, మీటరు చూపిస్తున్నది ఫారెన్‌హీట్. అంకె పక్కన ఆ అక్షరం ఉంది కూడా, నేనే చూడలేదు. బొగ్గు ముక్కతో అక్కడే గోడ మీద లెక్క వేశాను. తొమ్మిదితో హెచ్చించి, అయిదుతో భాగించి, ముప్పై రెండు కలిపితే నూట అరవై అయిదు.

మరిది నవ్వుతూ నేల మీద కూలబడ్డాడు. పెద్దాయన మళ్లీ కుర్చీలో కూర్చుని, "అంకె వచ్చేదాకా ఉంటానండి చెల్లెమ్మగారూ. మీరు మాత్రం పొయ్యికి కాస్త ఎడంగా నిలబడండి, మీరెంతలో ఉన్నారో ఏంటో!" అన్నారు. ఇంకో ముప్పై ఒక్క నిమిషాలు పట్టింది. రెండు ముక్కలు తిని, మూడోది అడిగి పెట్టించుకుని, తాళం చెవి మరిది చేతిలో పెట్టారు.

ఇప్పుడు నాకు డెబ్బై రెండు. ఏది కొన్నా దానితో వచ్చిన కాగితం చివరి అక్షరం దాకా చదువుతాను. "మా వదిన చెబితే తిరుగులేదండి" అని మరిది వచ్చినవాళ్లందరికీ గంభీరంగా చెబుతున్నాడు. గౌరవం బాగానే ఉంది. వాణ్ణి మళ్లీ అలా నవ్వించడానికి ఒక్క తప్పయినా చేద్దామనుకుంటాను గాని, అరవై ఎనిమిదేళ్ల ఆ పిల్లకి ఉన్న ధైర్యం నాకు లేదు.