వార్త ముందు, బండ తర్వాత

ఇప్పుడు ఎక్కడ ఏం జరిగినా జరుగుతుండగానే ఫోన్లో కనబడుతోందని అందరూ అబ్బురపడతారు గానీ, నేను ఎమ్మెస్సీ జియాలజీ చదివిన రోజుల్లో మా డిపార్ట్‌మెంట్ అంతకంటే ముందుండేది. ఏదైనా జరగడానికి నాలుగు రోజుల ముందే అది దివ్యంగా జరిగిపోయిందని మేం అచ్చు వేసేవాళ్లం. నవ్వకండి, ఉన్నమాటే చెబుతున్నాను. ‘వార్తలు-విశేషాలు’ అని మా భూవిజ్ఞాన శాఖకు రెండు పేజీల పత్రం ఒకటుండేది. సభకు వచ్చిన అతిథి చేతిలో టీతో పాటు ఆ పత్రమూ పెట్టాలి, అందులో ఆనాటి సభ గురించే ఉండాలి అన్నది మా హెడ్ గారి నియమం. ప్రెస్సు వాడికేమో నాలుగు రోజులు కావాలి. అందుకని అతిథి ఇంకా ఇంట్లో ఇడ్లీ తింటుండగానే ఆయన ‘విద్యార్థులను ఉత్తేజపరిచేలా ప్రసంగించారు’ అని నేను రాసేసేదాన్ని. (తెలుగు తప్పుల్లేకుండా రాస్తానని ఆ పని నా మెడకు చుట్టారు.) ఒకసారి ‘ప్రాంగణంలో వేప మొక్క నాటారు’ అని రాసి, తీరా సభ రోజున మొక్క లేదని గుర్తొచ్చి, హాస్టల్ వెనకున్న మొక్కను పీక్కొచ్చి నాటించాం. మిగతా డిపార్ట్‌మెంట్లు జరిగినవి రాసేవి. మేం మాత్రం రాసినవి జరిపించడానికి పరుగులు పెట్టేవాళ్లం.

మా హెడ్ గారిని మేం భూతద్దం సారు అనేవాళ్లం. మెడలో తాడుకు వేలాడే చిన్న భూతద్దంతో రాళ్లనే కాదు, హాస్టల్ ఉప్మాను కూడా పరీక్షించేవారు. పాపం, ఆయనకు ఒకే ఒక కోరిక ఉండేది. డిపార్ట్‌మెంట్‌కు సొంతంగా ఒక మ్యూజియం గది. ఏళ్ల తరబడి అడిగితే, ఆయన రిటైర్ కావడానికి సరిగ్గా రెండు నెలల ముందు పాత సామాన్ల గది ఖాళీ చేసి ఇచ్చారు. రెండు గాజు బీరువాలు సర్దాం. “అన్నీ చిన్నచిన్న ముక్కలేనమ్మా. మనిషి లోపటికి రాంగనే నిలబడిపోయేటిది ఒక్కటన్న ఉండాలె” అని గది మధ్యలో ఒక పెద్ద బల్ల వేయించి, దాన్ని ఖాళీగా ఉంచి రోజూ వచ్చి చూసుకునేవారు.

ఆ ఒక్కటి మాకు భూపాలపల్లి వైపు ఫీల్డ్ ట్రిప్‌లో దొరికింది. రేగొండ దగ్గర ఒక ఊళ్లో మంచినీళ్లకని బస్సు ఆపితే, ఒక ఇంటి ముందు ఒక అవ్వ బట్టలు ఉతుకుతోంది. సారు నీళ్ల సంగతి మరిచిపోయి, సబ్బు నురగలో మోకాళ్ల మీద కూలబడి, అవ్వ బట్టలు ఉతికే బండకు భూతద్దం ఆనించారు.

“ఏందయ్యా సారూ, ఏమన్న పారేసుకున్నవా?” అంది అవ్వ.

“ఇది రాయి కాదమ్మా, చెట్టు!”

“నేను ముప్పయ్యేండ్ల సంది గీని మీద ఉతుకుతున్న. చెట్టైతే ఎప్పుడో మురిగిపోకపోవునా?”

కోట్ల ఏళ్ల కిందట ఇసుకలో కూరుకుపోయిన చెట్టు మెల్లమెల్లగా రాయిగా మారిందని సారు చెప్పారు. ఏడాదికొకటిగా పడే వలయాలు, బెరడు మీది గీతలు అన్నీ చూపించారు. అవ్వ కళ్లు చిట్లించి చూసి, “అయితే నాకన్న పెద్దదన్నట్టు” అని మళ్లీ చీర అందుకుంది. ఆ బండను పొలం దున్నేటప్పుడు దొరికితే ఆమె మామ బండి మీద తెచ్చి వేశాడట. సారు చేతులు జోడించి, మ్యూజియానికి ఇవ్వమని అడిగారు. అవ్వ ఎంత తేలిగ్గా ఒప్పుకుందంటే మాకే ఆశ్చర్యమేసింది. “కొంటవోండ్రి. కాకుంటే నాకు గిసొంటిదే ఇంకో బండ తెచ్చి పెట్టుండ్రి. నేను ఉతుక్కోవాలె గద!”

ఇంతేనా? రాళ్ల మీద డిగ్రీలు చదివిన ముప్పై మందికి బట్టలుతికే బండ ఒకటి తేవడం ఒక లెక్కా? తిరుగు ప్రయాణంలో బస్సులోనే నేను వార్త రాసేశాను. ‘రేగొండ ప్రాంతానికి చెందిన ఒక వృద్ధ మహిళ తన ఇంటి వద్ద గల శిలాజ వృక్షాన్ని శాఖ మ్యూజియానికి సంతోషంగా విరాళమిచ్చారు.’ (‘సంతోషంగా’ అనే మాట సారు చెప్పలేదు, నా సొంత కవిత్వం.) మర్నాడు అది ప్రెస్సుకు వెళ్లిపోయింది. శుక్రవారం మ్యూజియం ప్రారంభోత్సవం. బండ తెచ్చే బాధ్యత నాకూ, నా క్లాస్‌మేట్‌కూ అప్పగించారు. అతన్ని మేం ఊరి పేరుతో జనగామ అని పిలిచేవాళ్లం. అతనికి నేను దంతాలపల్లి.

జనగామ వాళ్లది గ్రానైట్ వ్యాపారం. సోమవారం డిపార్ట్‌మెంట్ జీపులో నల్లగా నిగనిగలాడే పలక ఒకటి వేసుకొచ్చాడు. “చూడు, అవ్వ మొఖం కనబడ్తది దీంట్ల” అన్నాడు గర్వంగా. అవ్వ దాని మీద తడి చీర వేసి ఒకసారి రుద్దింది. చీర సర్రున జారి అవతల దుమ్ములో పడింది. “నాయినా, గిది మొఖం చూసుకునేటందుకు బాగుంటది. గీని మీద చీర నిలుస్తలేదు, రేపు నేను గూడ నిలువ” అంది. మంగళవారం ఆ దగ్గర్లోనే దొరికే ఇసుకరాయి పట్టుకెళ్లాం. గరుకుగా ఉంది, జారదు. అవ్వ తడి అరచేత్తో ఒక్కసారి రాసి చేయి చూపించింది. చేతినిండా ఇసుక. “రొండు నెల్లల్ల నా కోక పోగులు పోగులైతది.” ఇసుకరాయిలో రేణువుల మధ్య బంధం గురించి నేను పరీక్షలో మూడు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ మూడు పేజీలూ అవ్వ అరచేతిలో ఉన్నాయి. తెచ్చిన బండల్ని తిరిగి మోసుకుపోతామంటే మాత్రం ఒప్పుకోలేదు. “ఉండనియ్యిరాదుండ్రి, దేనికన్న వస్తయి” అని పలకను గోడకు ఆనించింది, ఇసుకరాయిని కుండ కింద పెట్టించింది.

బుధవారానికి నాకు నిద్ర, తిండి రెండూ బందయ్యాయి. పత్రం అచ్చయి కట్టలుగా వచ్చేసింది. సారు కనబడ్డప్పుడల్లా “ఏమ్మా, వచ్చిందా?” అనడం, నేను “రేపు వస్తది సార్” అనడం. ఆయన ఖాళీ బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, ముడతలు సవరిస్తున్నారు. జనగామ ఒక తుమ్మ మొద్దు తెచ్చి సిమెంటు పూసి బల్ల మీద పెడదామన్నాడు. (ఒక పూటంతా దాని గురించి నిజంగానే ఆలోచించానని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.) అప్పుడు తట్టింది, దంతాలపల్లిలో మా అమ్మ బట్టలుతికే బండ! జారదు, రాలదు, అచ్చం అవ్వ బండలాగే ఉంటుంది. ఫోన్ చేశాను.

“మీ సారుకు నా బండెందుకే?” అంది అమ్మ.

“ఇజ్జత్ పోతదే అమ్మా. పేపర్ల ఏసేసిన. సారుకు ఇదే ఆఖరి సభ.”

“సరే, కొంటవో. నేను బాయికాడ ఉతుక్కుంట” అంది అమ్మ. నేను అమ్మకు థ్యాంక్స్ కూడా చెప్పకుండా ఫోన్ పెట్టేసి జీపు ఎక్కాను. బావి మా ఇంటికి ఎంత దూరమో నాకు తెలియనిది కాదు.

గురువారం నలుగురం కలిసి ఆ బండను అవ్వ ఇంటి ముందు దించాం. అవ్వ నీళ్లు చల్లింది. చీర వేసి రుద్దింది, జాడించింది, మడమ కూడా రుద్దుకుని చూసింది. “గిది బండంటే! ఏడ దొర్కింది బిడ్డా?” అంది. నా ప్రాణం లేచొచ్చింది. “మా అమ్మదే అవ్వా” అన్నాను ఉషారుగా.

అవ్వ చేతిలో చీర ఆగిపోయింది. “మరి మీ అమ్మ ఏడ ఉతుకుతదే?”

చెప్పక తప్పక, బావి దగ్గర అన్నాను.

“నీ సదువు సల్లగుండ! కన్నతల్లి బండ గుంజుకొచ్చి నాకు ఏస్తవా? జర్రంత సోయుండాలె మనిషికి. తీస్కపో. ఇయ్యాల్నే తీస్కపొయ్యి ఎక్కడిదక్కడ ఏసి రా” అని గట్టిగా తిట్టింది. జనగామ ఏదో నచ్చజెప్పబోతే అతనికీ పడ్డాయి. నాకు ఏడుపొచ్చింది. బండ రాలేదనో, సారు మాట పోతుందనో కాదు, అమ్మను ఆ మాట నేనెందుకు అడగలేదా అని. బండను మళ్లీ జీపెక్కించి దంతాలపల్లి చేర్చాం. అమ్మ పాత గుంతలో దాన్ని సర్దించుకుని, కాలితో రెండుసార్లు కదిపి చూసి, “పక్కకు జరుగు, బట్టలున్నయి” అంది.

శుక్రవారం పొద్దున్నే సారు గది ముందు నిలబడ్డాను. “సార్, రాదు సార్.” సారు భూతద్దం అద్దాన్ని చొక్కా అంచుతో చాలాసేపు తుడిచారు. “పేపర్లు పంచిన్రా?” అని మెల్లగా అడిగారు. పంచేశారు. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాయన, బొగ్గు గనుల్లో పనిచేసి రిటైరైన జియాలజిస్టు, అప్పటికే ముందు వరుసలో కూర్చుని టీ తాగుతూ పత్రం చదువుతున్నారు. “సంతోషంగా విరాళమిచ్చారు... బాగుంది. ఏదండీ ఆ చెట్టు?” అని పైకే అడిగారు. సారు నోరు తెరిచేలోగా నేను లేచి ఉన్నదంతా చెప్పేశాను. ముందే రాయడం, గ్రానైట్ పలక, ఇసుకరాయి, అమ్మ బండ, అవ్వ తిట్లు, అన్నీ. (తుమ్మ మొద్దు సంగతి మాత్రం దాచాను.) ఆ పెద్దాయన నవ్విన నవ్వుకు టీ సాసర్లోకి ఒలికింది. “మూడుసార్లు పరీక్ష రాసి మూడుసార్లూ ఫెయిలైన్రన్నమాట! నడువుండ్రి, ఆ ఎగ్జామినర్‌ను నేను చూడాలె” అని లేచి నిలబడ్డారు.

సభ సభంతా బస్సెక్కి రేగొండ దారి పట్టింది. అంతమందిని చూసి అవ్వ పరేషాన్ కాలేదు. “మల్లా ఏం బండ తెచ్చిన్రు?” అని మాత్రం అడిగింది. అతిథికి కప్పాల్సిన శాలువాను సారు అవ్వకు కప్పారు. ఆమె అంచు పట్టుకుని నలిపి, “ఉతికితే రంగు పోతదా?” అంది. రిబ్బను కుండకూ గోడకూ కట్టి కత్తిరించాం. నమూనా నంబర్ ఒకటి అని చీటీ రాసి సారు బండకు తన చేత్తో అతికించారు. “పెట్టుకోండ్రి గని, సబ్బుకు ఊడిపోతే నన్నడగొద్దు” అంది అవ్వ. మా మ్యూజియం రిజిస్టర్లో మొదటి నమూనా ఎదుట సారు స్వయంగా ఇలా రాశారు: ‘స్థలం: అవ్వ ఇంటి ముందు. ప్రస్తుతం వాడుకలో ఉంది.’ నెల తర్వాత ఆయన రిటైరయ్యారు. వెళ్లే రోజున ఆ ఖాళీ బల్ల మీది గుడ్డ మడిచి నా చేతికిచ్చి, “జాగ్రత్తగ ఉంచమ్మా, అవసరం పడ్తది” అన్నారు.

ఇదంతా జరిగి పదిహేనేళ్లు దాటింది. ఇప్పుడు నేను జనగామలో భూగర్భ జలాల ఉద్యోగం చేస్తున్నాను. (జనగామ అనే ఆ మనిషేమో మహబూబాబాద్‌లో, అంటే మా దంతాలపల్లి వైపు ఉన్నాడు. ఊళ్లు మాతో ఇలాగే ఆడుకుంటాయి.) మొన్న ఒక ఫోన్ వచ్చింది. “రాళ్ల పిల్లవేనా?” అంది ఒక గొంతు. గుర్తుపట్టడానికి క్షణం కూడా పట్టలేదు. “నా కోడలు ఇంట్ల బట్టల మిషన్ పెట్టింది. వచ్చి బండ కొంటవో.”

“బదులు బండ తేవాల్నా అవ్వా?” అన్నాను భయం భయంగా.

“ఎందుకు, మీరు తెచ్చినయి లేవా!”

వెళ్లి చూద్దును కదా, గ్రానైట్ పలక అరుగు మీదికెక్కి ఉంది, దాని మీద అవ్వ దర్జాగా కూర్చుంది. “కూసునేటందుకు సల్లగ మంచిగున్నది” అంది. నలుగురు కూలీలు చెట్టు బండను తవ్వి ట్రాలీలో ఎక్కిస్తుంటే ఆమె కళ్లార్పకుండా చూస్తూ ఉండిపోయింది. ఉండబట్టలేక అడిగాను. “అవ్వా, సంతోషంగనే ఇస్తున్నవా?”

“సంతోషమేంది బిడ్డా? మోకాళ్లు వంగుతలేవు, ఇస్తున్న. వంగితే ఇద్దునా?”

డిపార్ట్‌మెంట్ మ్యూజియంలో, దాచి ఉంచిన తెల్ల గుడ్డ మీదే బండను దింపించాను. గది మధ్యలో బల్ల నిండిపోయింది. అంచున ఒకచోట సబ్బు తెలుపు ఇంకా పోలేదు, నేను పోగొట్టనివ్వలేదు. అక్కడి నుంచే సారుకు ఫోన్ చేశాను. ఆయనకిప్పుడు సరిగా వినబడదు, గట్టిగా అరవాల్సొచ్చింది. “సార్, వచ్చింది సార్! అవ్వ బండ వచ్చింది!”

సారు అన్నారు, “అది పాత వార్తే గదమ్మా. నేనెప్పుడో పేపర్ల చదివిన.”

డిపార్ట్‌మెంట్ పిల్లలు వెబ్‌సైటుకు నాలుగు వాక్యాలు రాసిమ్మన్నారు. బీరువాలోంచి పాత పత్రం తీసి, నా అప్పటి వాక్యాన్నే మళ్లీ ఎత్తి రాశాను. జరిగాక నేను రాసిన మొట్టమొదటి వార్త అదే. ‘సంతోషంగా’ అన్న మాట దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. ఇరవై రెండేళ్ల ఆ పిల్లకు ఎంత ధీమానో, ఎవరి సంతోషమైనా తనే రాసేయగలననుకుంది. ఆమె మీద కోపం రాలేదు, ముద్దే వచ్చింది. మాట కొట్టేసి, అమ్మకు ఫోన్ చేశాను.