బీరపూలు విచ్చుకునే వేళ

జమ్మలమడుగు బడిలో నేను పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. పరాగసంపర్కం పాఠం నాలా చెప్పేవాళ్లు లేరని నాకు గట్టి నమ్మకం. కేసరాలు, కీలాగ్రం, అండాశయం అన్నీ రంగు సుద్దలతో బోర్డు మీద గీసి చూపిస్తాను. ఆ గర్వాన్ని ప్రొద్దుటూరులో మా మిద్దె మీద ఒక బీరతీగ దించేసింది.

ఆ తీగ మా అత్త విత్తనం. ఆమెది పులివెందుల దగ్గర వేముల. పెళ్లయి ఆ ఊరికి కాపురానికి పోయేటప్పుడు వాళ్లమ్మ కొంగుకు ముడేసి ఇచ్చిన గింజలవి. ఏటా వేసి, ఏటా దాచి, మోకాళ్లు మొరాయించి మా ఇంటికి వచ్చేసేటప్పుడు ఒక ఎండుకాయలో పెట్టి తెచ్చుకుంది. నేను దాన్ని అటక మీద పెట్టాను. ఎలుకలు తిన్నాయి. మిగిలిన ఐదు గింజలూ కుండీలో వేస్తే ఒక్కటే మొలిచింది. అది కాయకపోతే ఆ విత్తనం ఇక లేనట్టే. అత్త నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

మాది మూడో అంతస్తు, గడప దాటితే మిద్దె. తీగ బట్టలారేసే తీగెలన్నీ అల్లుకుంది. మగపూలు గుత్తులుగా వచ్చాయి. ఆడపూలు వెనక చిన్న పిందెలు పెట్టుకుని వచ్చాయి. కానీ ఒక్క పిందె నిలబడలేదు. చిటికెనవేలంత కాగానే పసుపురంగుకు తిరిగి రాలిపోయేది. ఇంత ఎత్తుకు పురుగులు రావడం లేదు, వాటి పని నేనే చేస్తానని ఒక బొమ్మల కుంచె కొన్నాను. రోజూ పొద్దున ఏడింటికి, బస్సుకు పోయేముందు, మగపూల మీద రాసి ఆడపూలకు అద్దేదాన్ని. పూలు కాస్త వాలినట్టు కనిపించేవి. ఇప్పుడిప్పుడే విచ్చుకుంటున్నాయని అనుకున్నాను. అత్త కుర్చీలో కూర్చుని చూసేది. రెండు వారాలు గడిచాయి, పిందెలు రాలుతూనే ఉన్నాయి.

మా కింది ఇంట్లో ఉండే ఆమె జాకెట్లకు మగ్గం పని చేస్తుంది. భర్త కువైట్‌లో ఉన్నాడు. అది రంజాన్ నెల. ఒక ఆదివారం సాయంత్రం ఆరేసిన బట్టలు తీసుకోవడానికి పైకి వచ్చింది. నేను కుంచె చూపించి నా బాధంతా చెప్పుకున్నాను.

"పొద్దున అద్దితే ఏం లాభం టీచరమ్మా?" అంది. "బీరపూలు మాపటేళ కదా ఇచ్చుకునేది. నేను రోజూ చూస్తాండా, మేము రోజా ఉపాసం ఇడిసే టైముకు ముందే ఇచ్చుకుంటాయి."

నేను అత్త వైపు తిరిగాను. ఆమె తాపీగా అవునంది. మబ్బు పట్టి పొద్దు తెలియని రోజుల్లో వేములలో ఆడవాళ్లు బీరపూలు చూసే పొయ్యి ముట్టించేవాళ్లట. మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"బడి పిల్లోళ్ల కోసం ఏందో చేస్తాండావనుకుంటి. అంత సదువుకున్నదానివి, నీకు తెలీదని నేనెట్లనుకుంటా?"

నాకు సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. పూలను చేత్తో కలపొచ్చన్న సంగతి ఆమెకేమో తెలియదు. వేములలో ఆ పని చీకటి పడే వేళ వచ్చే పురుగులే చేసేవి. మేం ముగ్గురం పగలబడి నవ్వాం. ఉపవాసం ఉన్నదాన్ని నవ్వించి దాహం పెంచుతున్నామని కిందింటామె మమ్మల్ని కసిరింది.

అప్పటికే మొగ్గల కొసలు వదులవుతున్నాయి. మా కళ్ల ముందరే ఒక్కొక్కటీ విప్పుకుని పచ్చగా నిలబడ్డాయి. ఇన్నేళ్లు బోర్డు మీద గీసినదాన్ని, పువ్వు విచ్చుకోవడం నేను చూసింది ఆ రోజే. కుంచె పక్కన పడేసి ఒక మగపువ్వు కోశాను. రేకులు వెనక్కి మడిచి, నడిమి పుప్పొడిని ఆడపువ్వుకు అద్దాను. కిందింటామె ఇంకొకటి చేసింది. ఇక్కడొకటుంది, అక్కడొకటుందని అత్త కుర్చీలోంచే మమ్మల్ని తిప్పింది. ఇంతలో మసీదు నుంచి అజాన్ వినిపించింది. కిందింటామె కొంగున కట్టుకున్న ఖర్జూరాల్లో ఒకటి నోట్లో వేసుకుని మాకూ చెరొకటి ఇచ్చింది.

నాకు బస్సు ఆలస్యమైన రోజుల్లో ఆ పని ఆమే చేసేది. ఐదో నాడు ఒక పిందె రాలకుండా, ఆకుపచ్చగానే బలిసింది. పప్పులో వేద్దామని నా నోరూరుతుంటే, అత్త దాని తొడిమకు ఎర్ర గుడ్డపేలిక కట్టేసింది. పేలిక కట్టిన కాయ విత్తనానిది, ఇక దాన్ని ఎవరూ తెంపకూడదు. తర్వాత కాసినవన్నీ మేం తిన్నాం. పేలిక కాయ మాత్రం తీగ మీదే ముదిరి, ఎండి, గోధుమరంగుకు తిరిగింది.

ఒకరోజు అత్త దాన్ని కోసి చెవి దగ్గర ఊపింది. లోపల గలగలమంది. కొసన ఉన్న మూత ఊడదీసి వొళ్లో వంచితే నల్లటి గింజలు జలజలా రాలాయి. అత్త ఏడ్చేసింది. నా ముందర ఆమె ఏడవడం అదే మొదటిసారి. నేనూ ఆగలేకపోయాను.

కళ్లు తుడుచుకుని, గింజల్లో సగం తీసి నా చేతిలో పోసింది.

"ఇవి కిందింటాయమ్మకిచ్చి రాపో. మనింట్లో పోయినా ఆయమ్మింట్లో ఉంటాయి."

నేను మెట్లు దిగి పోయేసరికి, రోజూ మిద్దె మీద ఆ కాయ ఎండడం చూస్తున్న ఆమె అప్పటికే రెండు కుండీల్లో మన్ను నింపి, తడిపి పెట్టుకుని ఉంది.