మల్లవ్వ జడ

నాలుగేళ్లుగా నా పెట్టెలో ఒక పసుపు గుడ్డ మూట ఉంది. పావుకిలో కూడా ఉండదు. దాన్ని మోయలేకే మీకు చెప్పుకుంటున్నాను.

మల్లవ్వ మా ఊరి శివసత్తి. మగపిల్లాడిగా పుట్టింది. పాస్‌పోర్టులో ఇప్పటికీ మల్లయ్యే. చిన్నప్పుడే ఎల్లమ్మ పూని, తలలో వెంట్రుకలు వాటంతటవే జడ కట్టాక చీర కట్టుకుంది. ఆ జడ అమ్మవారిది, కత్తెర తగలకూడదు. ఆమె ముందు నడిస్తేనే మా ఊళ్లో బోనాలు కదిలేవి. నా కూతురు జ్వరంతో మూసిన కన్ను తెరవనప్పుడు నుదుట బండారి పసుపు పెట్టింది ఆమే. ఆ రోజు నేను ఆమె కాళ్లు మొక్కాను.

తన అన్న చనిపోయి ఆ ఇంటి భారం తన మీద పడితే, కరోనా తగ్గాక ప్యాంటూ చొక్కా వేసుకుని గల్ఫ్‌కి, ఐకాడ్‌లో నేను పనిచేసే లేబర్ క్యాంపుకే వచ్చింది. మొదటి రోజే హెల్మెట్ జడ మీద కూర్చోలేదు. ఆమెకు హిందీ రాదు కాబట్టి ఫోర్‌మన్ నన్ను పిలిచాడు. మంచివాడు. పక్కనున్న సర్దార్‌జీ తలపాగా చూపించి, "ఇదీ దేవుడిదేనా? అయితే చెప్పు, పెద్ద హెల్మెట్ తెప్పిస్తా" అన్నాడు.

మా గదివాళ్లు ఆమె నడక చూసి అప్పటికే నవ్వుతున్నారు. నేను ఈమెకు మొక్కానని తెలిస్తే?

"దేవుడిది కాదు. దువ్వుకోక అట్టకట్టింది, అంతే" అన్నాను హిందీలో.

"ఏమంటుండు బిడ్డా?" అని ఆమె అడిగింది.

"ఒప్పుకుంటలేడు అవ్వా. తియ్యాల్నంటుండు." అవ్వా అన్న మాట ఎవరికీ వినపడకుండా అన్నాను.

ఆమె జడను ఒకసారి తడిమింది. "నువ్వైతే అడిగినవ్ గదా. గంతే చాలు."

జడ తీయించుకుని, పసుపు గుడ్డలో చుట్టి, సెలవుకు వెళ్తున్న నా చేతికే ఇచ్చింది, ఎల్లమ్మ దగ్గర పెట్టమని. రెండుసార్లు గుడి మెట్ల దాకా వెళ్లాను. అమ్మవారికి ఏమని చెప్పి పెట్టను?

నిరుడు బోనాలకు ఆమె ఊరికి వెళ్లింది. డప్పు మోగినా పూనలేదట. జనంలో నిలబడి చూసి వచ్చిందట. ఇప్పటికీ ఆ ఫోర్‌మన్‌నే తిడుతుంది. నేను ఊఁ కొడతాను.

వాళ్లు నవ్వితే నాకేమయ్యేది? రెండు రోజులు నవ్వి, ఖలాస్, మరిచిపోయేవాళ్లు. అంత చిన్న సిగ్గు కోసం ఒక మనిషికి ఊరిచ్చిన చోటు తీసేశాను.

ఆమెకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. ఈ ఒక్క మాట బయటికి అంటే ఛాతీలో కొంచెం గాలి ఆడుతోంది. ఫోర్‌మన్ ఒప్పుకునేవాడే. కాదన్నది నేను.