నాలుగున్నరకి రమ్మన్న ఆరింటి కచేరీ

అమెరికాలో మన తెలుగువాళ్ల ఫంక్షన్లకి టైం వేసే పద్ధతి మా ఊరు ఫ్రీమాంట్‌లో తెలియనివాళ్లు లేరు. ఆరింటికి మొదలుపెట్టాలంటే కార్డులో నాలుగున్నర అని వేస్తాం. జనం తీరిగ్గా తయారై ఆరింటికి దిగుతారు. పిలిచేవాళ్లకీ తెలుసు, వచ్చేవాళ్లకీ తెలుసు. ఆ లెక్కతోనే మా ఆర్కెస్ట్రా కచేరీకి మనవాళ్లందరికీ నాలుగున్నర అని మెయిల్ పెట్టాను. నా స్థానంలో ఎవరున్నా అదే చేసేవారు.

ముందు ఆర్కెస్ట్రా సంగతి చెప్పాలి. పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకునేదాన్ని. మంగళవారం సాయంత్రాలు మాత్రం మా ఊరి సింఫనీ ఆర్కెస్ట్రాలో రెండో వయొలిన్ల వరసలో చివరి కుర్చీ నాది. జీతాలుండవు. పళ్ల డాక్టరు, స్కూలు టీచర్లు, రిటైరైన ఇంజనీర్లు, అందరం సంగీతం పిచ్చివాళ్లమే. సెప్టెంబర్ నుంచి మే దాకా సీజన్. పెద్ద కచేరీల మధ్యలో లైబ్రరీకి వెళ్లి పిల్లల చేతికి వాయిద్యాలిచ్చి ఊదమనేవాళ్లం. వృద్ధాశ్రమంలో క్రిస్మస్ పాటలు వాయించేవాళ్లం. ఒక్కో పేటకీ వెళ్లి ఉచితంగా కచేరీ చేసేవాళ్లం. జనం మన దగ్గరికి రాకపోతే మనమే జనం దగ్గరికి వెళ్లాలని మా కమిటీ పట్టుదల.

మాంద్యం వచ్చిన మరుసటి ఏడు ఆ పట్టుదల కాస్త సడలింది. విరాళాలు తగ్గాయి, పేట కచేరీల్లో కొన్ని తీసేయాలన్నారు. కమిటీకి పెద్ద, ఫ్లూట్ వాయించే ఒక రిటైర్డ్ టీచరమ్మ. మీ ఇండియన్లుండే వైపు రెండుసార్లు వెళ్లాం, ముందు వరసలు కూడా నిండలేదు, మళ్లీ ఎందుకు వెళ్లాలో చెప్పు అని మెత్తగానే అడిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మీద కాదు, మనవాళ్ల మీద. ఏళ్ల తరబడి వాయిస్తున్నాను. "కీర్తనలు కూడా వాయిస్తారా?" అని అడిగేవాళ్లే తప్ప ఒక్కరూ వచ్చి విన్న పాపాన పోలేదు. "ఈసారి నాకు వదిలేయండి, హాలు నేను నింపుతాను" అనేశాను. నిండకపోతే వచ్చే సీజన్ నుంచి ఆ కచేరీ ఉండదని అక్కడే తేల్చేశారు.

అన్నాక మొదలైంది నా తిరుగుడు. గుడిలో చెప్పాను, తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్కుల్లో చెప్పాను, ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుకుంటున్నవాళ్లని ఆపి మరీ చెప్పాను. ఇండియా నుంచి ఆర్నెల్లు మా దగ్గర ఉండటానికి వచ్చిన నాన్న, లేక్ చుట్టూ వాకింగ్‌కి వచ్చే తన ఈడు వాళ్లందరినీ పోగేశారు. మెయిల్ కింద ఇంకో మాట కూడా రాశాను. సింఫనీకి నాలుగు భాగాలుంటాయి, మధ్యమధ్య చప్పట్లు కొట్టకూడదు, అంతా అయ్యి కండక్టర్ చేతులు కిందికి దించాకే కొట్టాలి అని. మనవాళ్లు రాకపోతే ఒక బాధ, వచ్చి పరువు తీస్తే ఇంకో బాధ.

ఆ రోజు స్కూలు ఆడిటోరియంలో మేం రిహార్సల్ చేసుకుంటున్నాం. నాలుగున్నరయ్యేసరికి వెనక తలుపు తెరుచుకుంది. ముందు ఒక పట్టుచీర, ఆ వెనక ఇంకో నాలుగు, ఆపైన పిల్లలు, తాతలు, చంటివాళ్లని తోసుకొచ్చే స్ట్రోలర్లు. అమెరికన్ల ప్రోగ్రాం, ఆలస్యమైతే తలుపులేసేస్తారని భయపడి, జన్మలో మొదటిసారి అందరూ టైంకి వచ్చేశారు! కచేరీకి ఇంకా గంటన్నర ఉంది.

మా కండక్టర్ నావైపు చూసి కనుబొమలెగరేసి, రిహార్సల్ కొనసాగించాడు. ఆయన కాసేపటికోసారి మమ్మల్ని ఆపి సరిచేస్తాడు. ఆపినప్పుడల్లా హాల్లో చప్పట్లు. ఆయన వెనక్కి తిరిగి మొహమాటంగా నవ్వితే ఇంకా గట్టిగా చప్పట్లు. నేను కుర్చీలోంచే వద్దు వద్దని తల ఊపాను. ఎవరికో నా మెయిల్ గుర్తొచ్చినట్టుంది, అందరినీ కసిరి ఊరుకోబెట్టారు. చివరికి ఆయన మాకు థాంక్స్ చెప్పి చేతులు దించాడు. హాలు మారుమోగిపోయింది. తర్వాత అందరూ లేచి జాకెట్లు వేసుకోవడం మొదలుపెట్టారు.

వయొలిన్ పట్టుకునే స్టేజీ దిగి పరుగెత్తాను.

"వెళ్లకండి అంకుల్, ఇంకా స్టార్ట్ కాలేదు!"

"అదేంటమ్మా, ఇంతసేపూ వాయించారు కదా?"

"అది రిహార్సల్. కచేరీ ఆరింటికి."

"మెయిల్‌లో ఫోర్ థర్టీ అని పెట్టినవ్ కదా?" పిల్లాణ్ణి చంకనెత్తుకున్న ఒకావిడ అడిగింది.

"మనవాళ్లు లేట్‌గా వస్తారు కదా అని..."

"అంటే మేం టైంకి రామని ముందే ఫిక్స్ అయినవా? గంతేనా మా మీద నీకున్న నమ్మకం?"

షుగర్ మాత్ర వేసుకోవాలని ఒకరు, పిల్లలకి ఆకలని ఒకరు, హోంవర్క్ ఉందని ఒకరు బయటికి నడిచారు. అద్దాల తలుపులోంచి చూస్తే పార్కింగ్‌లో కార్లు ఒక్కొక్కటే వెనక్కి తీస్తున్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"నువ్వు లోపలికెళ్లి శ్రుతి చేసుకోమ్మా. ఇక్కడ నేను చూస్తాలే" అన్నారు నాన్న.

"ఏం చూస్తారు నాన్నా, కార్లో వెళ్లిపోయేవాళ్లని ఆపగలరా?" అని విసుక్కుని లోపలికి వచ్చేశాను.

ఆరింటికి స్టేజీ ఎక్కాం. లైట్లన్నీ మా కళ్లల్లోనే. ఎదురుగా హాలంతా నల్లగా ఉంది, ఏమీ కనపడదు. కండక్టర్ వచ్చినప్పుడు పలచగా నాలుగు చప్పట్లు వినిపించాయి. అవి ముందు వరసలో కూర్చునే మా వాయిద్యగాళ్ల ఇళ్లవాళ్లవని నాకు తెలుసు. మొదటి భాగం ఎలా వాయించానో దేవుడికెరుక. అది ముగియగానే నిశ్శబ్దం. వెనక తలుపు తీసిన చప్పుడైంది. వచ్చేవాళ్లో, వెళ్లిపోయేవాళ్లో తెలియలేదు.

రెండో భాగం అయింది. మళ్లీ నిశ్శబ్దం. చప్పట్లు కొట్టొద్దన్నది నేనే కదా, ఆ మాట విన్నారా, లేక వినడానికి ఎవరూ లేరా? మూడో భాగం తర్వాత చెవులు రిక్కించాను. దగ్గు లేదు, సెల్‌ఫోన్ మోగలేదు, ఒక్క పిల్లాడూ ఏడవలేదు. మనవాళ్లు నిండిన హాల్లో పిల్లాడు ఏడవకుండా ఉంటాడా? హాలు ఖాళీ అని తేలిపోయింది. టీచరమ్మకి ఏం మొహం చూపించాలా అనుకుంటూ చివరి భాగం వాయించాను.

ఆ సింఫనీ మెల్లగా, గాలి ఆగినట్టు ముగుస్తుంది. ఆఖరి స్వరం పూర్తిగా అణిగేదాకా మా కండక్టర్ చేతులు దించడు. మేమంతా కమాన్లు గాల్లోనే పట్టుకుని ఉన్నాం. అప్పుడు ఆ చీకట్లోంచి నాన్న గొంతు:

"అమ్మాయ్, అయిపోయిందా? కొట్టొచ్చా?"

హాలు గొల్లుమంది. ముందు వరస నుంచి వెనక గోడ దాకా, బాల్కనీలోంచి కూడా నవ్వు. అన్ని గొంతులు! వెళ్లిపోయారనుకున్నవాళ్లందరినీ నాన్న వెనక్కి తెచ్చేశారన్నమాట. ఆ నవ్వుకి లేచి ఎక్కడో ఒక పిల్లాడు కేరుమన్నాడు. కండక్టర్‌కి తెలుగు రాదు, చేతులు అలాగే ఉంచి నావైపు చూశాడు.

"అయిపోయింది నాన్నా" అన్నాను. స్టేజీ మీద నోరు విప్పకూడదని తెలిసీ అన్నాను. కండక్టర్ చేతులు దించాడు.

చప్పట్లకి ఆర్కెస్ట్రా అంతా లేచి నిలబడాలి. అందరూ లేచారు. నేను మాత్రం వయొలిన్ ఒళ్లో పెట్టుకుని చిన్నపిల్లలా ఏడుస్తూ కూర్చుండిపోయాను.