కంపెనీలకు జాబులు రాసిన మా అక్క

మొన్న ఆదివారం ఆళ్లగడ్డ నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "చిన్నమ్మా, మాయమ్మ పోయింది" అన్నాడు. పొద్దున తలకు పోసుకుని, కాసేపు పడుకుంటానని చెప్పి పడుకుందట. మళ్లీ లేవలేదు. ఎనభై ఏడేళ్ల మనిషి, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్లిపోయిందని వచ్చినవాళ్లందరూ అన్నారు. నిజమే. కానీ నేను బయటపెట్టవలసిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. అది మీకు చెబుతున్నాను.

కర్నూలు రాజధాని అయిన రోజులవి. మా పొలాలు బండి ఆత్మకూరు దగ్గర. పిల్లల చదువుల కోసమని నాయన నంద్యాలలో ఇల్లు తీసుకున్నాడు. తీరా అక్క పెద్దమనిషి కాగానే బడి మాన్పించారు. బడి పోయింది గానీ రాయాలన్న దురద పోలేదు. ఉత్తరం రాద్దామంటే చుట్టాలందరూ పక్క వీధిలోనే ఉండేవాళ్లు. అందుకని డబ్బాల మీద అచ్చయిన చిరునామాలకు రాయడం మొదలుపెట్టింది.

మొదటి కార్డు మద్రాసులోని ఒక బిస్కట్ల కంపెనీకి. నాకప్పుడు ఎనిమిదేళ్లు, అయినా ప్రతి మాటా గుర్తుంది. "అయ్యా, మీ డబ్బా మీది బొమ్మలో ఒక అమ్మాయి బిస్కట్టు పట్టుకుని నవ్వుతోంది. మేము కొని మూడు నెలలైంది. ఆ పిల్ల ఇంతవరకు కొరకలేదు. బిస్కట్టు బాగుండదేమోనని మా చెల్లెలి అనుమానం. నేను కాదంటున్నాను. మా తగువు తీర్చగలరు."

మూడు వారాలకు చిన్న పార్సిలు వచ్చింది. లోపల డబ్బా, దాని మీద తెలుగులో ఒక చీటీ: "ఆ అమ్మాయి మీ చెల్లెలి కోసం దాచిపెట్టిందని తెలిసింది. పంపుతున్నాము." అక్క బిస్కట్లు మాకు వదిలేసి చీటీ పట్టుకుని పెరట్లోకి పోయింది. తొంగి చూస్తే ఒక్కతే నవ్వుకుంటోంది.

తర్వాత బార్లీ కంపెనీకి రాసింది. "మీ బార్లీతో మా అవ్వకు జ్వరం తగ్గింది. తగ్గగానే మమ్మల్ని తిట్టడం మొదలుపెట్టింది. తిట్లు తగ్గడానికి కూడా మీరేమైనా తయారుచేస్తారా?" వాళ్లు రంగుల క్యాలెండరు పంపారు. అవ్వ దాన్ని తన మంచం పక్కనే తగిలించుకుంది. పిప్పరమెంట్ల కంపెనీ మాత్రం ఎన్ని రాసినా పలకలేదు. నేను చిన్నబుచ్చుకుంటే అక్క అనేది: "పలక్కపోతే పోనీలే. చదివినోడు నవ్వకుండా ఉంటాడా? యాడో ఒకడు నవ్వినాడు, అంతే."

ఆమెకు ఒకటే నియమం ఉండేది. అబద్ధం రాయకూడదు. "పురుగొచ్చిందని రాస్తే రెండు డబ్బాలు పంపుతారక్కా" అని నేనొకసారి అన్నాను. "పంపుతారు. ఆడ కంపెనీలో డబ్బాలు కట్టేవాళ్ల పని పోతాది. ఆ బిస్కట్టు నీకు మింగుడు పడుతుందా?" అంది.

నాకు పదకొండో ఏట ఆ మాట చెవికెక్కలేదు. నా పేర డబ్బా రాలేదన్న ఉక్రోషం. నా పేరు పెట్టే ధైర్యమూ లేదు. అక్కకు తెలియకుండా అక్క పేరుతోనే కార్డు రాసి వేశాను, బిస్కట్లలో ఇనుప మేకు వచ్చిందని.

డబ్బా రాలేదు. మనిషి వచ్చాడు. కోటు వేసుకున్న పెద్దమనిషి, రైలు దిగి జట్కా కట్టించుకుని నేరుగా మా ఇంటికి. నాయన ఆయన్ను మంచం మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. ఆయన జేబులోంచి కార్డు తీసి, "ఆ మేకు ఒకసారి చూపిస్తారా అమ్మా?" అని అక్కను అడిగాడు. ఆ డబ్బాలు కట్టిన ఆడమనిషిని విచారణ అయ్యేదాకా పనిలోకి రావద్దన్నామని కూడా చెప్పాడు.

అక్క కార్డు తీసుకుని చూసింది. తర్వాత నా వైపు ఒక్కసారి చూసింది.

"మేకు లేదండీ. నేనే అబద్ధం రాసినా" అంది.

అది చిన్నపిల్ల చేతిరాతని కోటాయనకు తెలిసే ఉంటుంది. కార్డు తిరిగి జేబులో పెట్టుకుని లేచాడు. నాయనకు చదువు రాదు, ఆయనకు తెలిసే దారి లేదు. వచ్చినాయన వెళ్లాక నాయన గొంతు పెంచకుండానే అడిగాడు. "మనకు తిండి లేకనా? ఊరుగాని ఊర్లో అడుక్కుంటాండావా?"

"అడుక్కోలేదు నాయనా. నవ్విచ్చినా."

"ఇంగ ఈ ఇంట్లోకి కార్డు రాకూడదు."

"ఒక్కటి రాయనీ నాయనా. ఆయమ్మను మళ్లా పనిలో పెట్టుకోమని."

నాయన తానే కార్డు తెప్పించి, రాసేదాకా పక్కనే నిలబడ్డాడు. ఆ జాబులో చమత్కారం ఒక్కటీ లేదు. తప్పు నాది, ఆమెది కాదు, దయచేసి ఆమెను పిలవండి. అంతే.

ఆ రోజు సాయంత్రం పెరట్లో అక్కను అడిగాను, ఎందుకు నీ మీద వేసుకున్నావని. అక్క బట్టలు మడతపెడుతోంది. తలెత్తలేదు. "నువ్వని తెలిస్తే నాయన నిన్ను బడి మాన్పిస్తాడు. నా చదువు ఎట్లాగూ అయిపోయింది గదా" అంది.

పదిహేను రోజులు అక్క సరిగ్గా తినలేదు. మధ్యాహ్నం పోస్టుమాన్ వచ్చే వేళకు ఏదో పని కల్పించుకుని వాకిట్లో ఉండేది. జవాబు వచ్చింది. ఆమె పనిలోకి వచ్చిందని రెండు వాక్యాలు. అక్క దాన్ని నాయనకు చదివి వినిపించి, వంటింట్లోకి పోయి సంగటి రెండు ముద్దలు పెట్టుకుని తినింది. నన్ను ఒక్క మాట అనలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా.

మరుసటి ఏడాది అక్కను ఆళ్లగడ్డకు ఇచ్చారు. కాపురానికి వెళ్లిన వారానికి అత్తగారు పిలిచి, "ఏందీ పిల్లా, కంపెనీలకు జాబులు రాస్తావంట?" అని అడిగిందట. అక్క తల వంచుకుని నిలబడింది. "కాఫీపొడోనికి ఒకటి రాయి. పొట్లం మీద ఆవిరి బొమ్మేసినాడు గానీ ఇంటికి తెచ్చేలోపల చల్లారిపోతాండాదని" అందట ఆ ముసలామె. అక్క ఈ సంగతి చెప్పినప్పుడల్లా కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వేది.

నేను బడి మానలేదు. చదువు ముగించి, ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పాను. ఎవరి వల్ల చెప్పగలిగానో నాయనకు చివరిదాకా తెలియదు. ఆయన బతికున్నన్నాళ్లూ అక్కను "కార్డుల పిల్ల" అనే ఎత్తిపొడిచాడు. అక్క నవ్వి ఊరుకునేది. నేనూ ఊరుకున్నాను. ఆ కార్డు రాసింది నేను.

పంతొమ్మిది వందల అరవైలో ఎండాకాలం సెలవులకు అక్క దగ్గరికి వెళ్లాను. ఒక మధ్యాహ్నం కొత్తగా రాసిన కార్డు కొంగు చాటున పెట్టుకుని నన్ను రోడ్డు మీది పోస్టు డబ్బా దాకా తీసుకుపోయింది. కార్డు లోపల వేసి, వెంటనే కదల్లేదు. బండ్లవాళ్లు చూస్తున్నా పట్టించుకోకుండా, ఎండకు కాలుతున్న ఆ ఎర్ర డబ్బాకు చెవి దగ్గరగా పెట్టి, ఎక్కడో చదివేవాడి నవ్వు వినబడుతుందేమో అన్నట్టు, కళ్లు మూసుకుని, నన్ను కాసేపు మాట్లాడొద్దని చేత్తో సైగ చేసి, అట్లాగే నిలబడింది.