ఇంట్లో మాత్రమే కనిపించిన పేజీ

మా చెల్లెలి భర్తను ఆ వీధిలో అందరూ నక్షత్రాలాయన అంటారు. జాతకాలు చూస్తాడనుకుని అరచెయ్యి చాపిన వాళ్లూ లేకపోలేదు. ఆయన చేసేది ఉద్యోగాలు వెతుక్కునే వాళ్లకి రెజ్యూమేలు తయారుచేయడం. బస్టాండు ఎదురుగా, కళ్లజోళ్ల కొట్టుకీ తాళాలు బాగుచేసేవాడికీ మధ్య ఇరుకు గది. ముందు కౌంటరు, వెనక తెర, తెర వెనక సంసారం.

మిగతా కొట్లవాళ్లు గళ్లు గీసి రంగులు పులుముతారు. తీరా ఒక్క అక్షరం దిద్దబోతే పేజీ అంతా చెదిరిపోయి తల పట్టుకుంటారు. ఈయన ఏ సొగసూ లేని మామూలు టెక్స్ట్ ఫైలు రాస్తాడు. శీర్షిక ముందు ఒక హ్యాష్ గుర్తు, చేసిన ఒక్కో పని ముందు ఒక నక్షత్రం గుర్తు. ఆపైన కంప్యూటరుకి ఒక ఆదేశం కొడితే ఆ ఫైలులోంచే కాగితం మీదికి ఒక ప్రతి, ఇంటర్నెట్‌లోకి ఒక పేజీ.

"మాట వేరు, ముస్తాబు వేరు బావగారూ. మాట తిన్నగా ఉంటే ముస్తాబు ఎప్పుడైనా మార్చుకోవచ్చు" అనేవాడు. అలంకారశాస్త్రాలు కొన్ని నేనూ తిరగేశాను. ఇంత పొట్టి సూత్రం ఎక్కడా దొరకలేదు.

అయితే ఆ మాటలు పుట్టించేది మా చెల్లెలు. కౌంటరు దగ్గర బెరుగ్గా నిలబడ్డ ఒకామెతో ఆమె జరిపిన సంభాషణ ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"ఇన్నాళ్లూ ఏం చేశావమ్మా?"

"ఏం లేదండీ, ఇంట్లోనే ఉన్నా."

"ఊరికే కూర్చున్నావా?"

"మంచాన పడ్డ మామగారిని చూసుకున్నా."

"మందులెవరిచ్చారు? ఆసుపత్రి చుట్టూ తిరిగిందెవరు?"

"నేనే."

"మరి ఏం లేదంటావేం తల్లీ! ఏమండీ, వెయ్యండి నాలుగు నక్షత్రాలు."

కచేరీల ముందు చెట్ల కింద కూర్చుని లోకుల అర్జీలు రాసిపెట్టే వాళ్లని నేను చాలా ఊళ్లలో చూశాను. తమ అర్జీ తాము రాసుకున్నవాడు ఒక్కడూ తగల్లేదు. దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా! సరే, ఎక్కడికో పోతున్నాను.

పెళ్లికి ముందు మా చెల్లెలు ఒక గ్రంథాలయంలో పనిచేసింది. చిరిగిన పుస్తకాలకి అట్టలు వేసేది, పిల్లలకి కథలు వెతికిపెట్టేది. ఆ పని మీద మనసు చావలేదు. పిల్లాజెల్లా లేని ఇల్లు, మధ్యాహ్నాలు బేరాలుండవు. ఒకరోజు అడిగింది.

"నాదీ ఒకటి చెయ్యండి."

"నీకెందుకోయ్? ఇక్కడ ఉద్యోగం ఉందిగా."

"జీతం లేదు సరే, సెలవైనా లేదే!"

ఆయన నవ్వి చేసిపెట్టాడు. ప్రేమగానే చేశాడు. ఆమె చెబుతుంటే ఆయన కొట్టాడు. పేజీ కంప్యూటర్లో కనిపించింది. అడుగున ఆమె ఫోను నంబరు. నేను వెళ్లినప్పుడల్లా కొట్లో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి చూపించేది.

"ఎవరైనా పిలిచారా?" అనేవాణ్ణి.

మొదట్లో "పిలుస్తారు, తొందరేముంది?" అనేది. కుళాయి దగ్గరికి కూడా ఫోను పట్టుకెళ్లేది. తర్వాత్తర్వాత "మనల్నెవరు పిలుస్తారన్నయ్యా, ఈ వయసులో!" అని మాట తప్పించేది. చివరిసారి కలిసినప్పుడు మాత్రం, నవ్వుతూనే, "ఊరందరికీ నక్షత్రాలు వేయించాను. నావి చూసినవాళ్లకి మాత్రం నచ్చినట్టు లేదు" అంది. ఆ వానాకాలం జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగి, మనిషి పోయింది.

కొన్నాళ్లకి నేను వెళ్లాను. కొట్టు తెరిచే ఉంది. ఆమె పేజీ తీసేద్దామనుకున్నాడు ఆయన.

"పోయిన మనిషి పేరు బయట తిరగడం దేనికి? తీసేముందు మీ ఫోన్లో ఒకసారి తెరవండి బావగారూ."

తెరిచాను. రాలేదు. మళ్లీ కొట్టాను. అలాంటి పేజీ లేదంది. కంప్యూటర్లో చూస్తే నిక్షేపంలా ఉంది. ఆయన ఫైలు తెరిచాడు. పై వరస చూసి కుర్చీలో కూలబడ్డాడు.

కొత్త ఫైలు పైన 'చిత్తు' అని ఒక గుర్తు పెట్టడం ఆయన అలవాటు. అదున్నంత కాలం పేజీ ఆయన కంప్యూటర్లోనే కనిపిస్తుంది, బయటికి పోదు. వచ్చినవాళ్లు కౌంటరు దగ్గర చదువుకుని "సరే" అన్నాకే ఆ గుర్తు తీస్తాడు. ఇంటి మనిషి కౌంటరు అవతల ఎప్పుడు నిలబడింది? పక్కనే కూర్చుంది. సరే అనమని ఈయన అడగలేదు, ఆమె అనలేదు.

"నచ్చక కాదు బావగారూ" అన్నాడు. "ఎవరూ చూడనే లేదు. ఈ ఒక్క మాట మీ చెల్లెలికి ఎట్లా చెప్పను?"

ఆయన ఆ గుర్తు చెరిపేసి ఆదేశం కొట్టాడు.

"పోయిన మనిషికి ఉద్యోగమేమిటి బావగారూ?" అన్నాను.

"ఉద్యోగానికి కాదు. ఒక్కరైనా చూడాలి."

ఆమె ఫోను చార్జింగులో పెట్టాడు. నేను ఎటు తిరిగినా ఆ దారినే వెళ్లడం మొదలెట్టాను. ఒక మధ్యాహ్నం నేనుండగానే అది మోగింది. ఏదో బడివాళ్లు, గ్రంథాలయంలోకి మనిషి కావాలట.

"ఆవిడ ఉన్నారాండీ?"

"ఒక్క నిమిషం, లైన్లో ఉండండి" అన్నాడు. అలవాటుగా తెర వైపు తిరిగాడు. "ఏమోయ్..."

తెర కదలలేదు. ఆయన ఫోను మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఆవిడ పోయారండీ. తప్పు నాదే, పేజీ ఆలస్యంగా పెట్టాను. కోపగించుకోకండి. ఒక్క మాట చెప్పండి, చదివారు కదా, ఎలా ఉంది?"

అవతలి మనిషి గొంతు నాకూ వినిపించింది. "బాగుందండీ. అందుకేగా పిలిచాం."

"బాగుందిట" అన్నాడు ఆయన, తెర వైపు చూస్తూ.