మునగచెట్టెక్కిన బెంగళూరు వంకాయ

ఆ రోజుల్లో, అంటే నాకు డిజైన్ ఆఫీసులో కొత్తగా ఉద్యోగం వచ్చి కనిపించిన ప్రతిదానికీ డ్రాయింగు గీయాలనిపించే రోజుల్లో, ఖానాపురం హవేలిలోని మా పెరట్లో ఉన్నవారూ ఉన్నవీ ఇవి: అమ్మ, నాన్న, నేను, బోరు పంపు, రెండు వంగమొక్కలు, అమ్మ బీరపాదు కోసం అట్టిపెట్టుకున్న మూల, ఆ మూల మీద నా కన్ను. రైతుబజారులో ఒక బెంగళూరు వంకాయ మొలకెత్తిందని కూరగాయలామె పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాను. దీని గింజను విడిగా తీయరు, కాయను కాయగానే పడుకోబెట్టి నాటాలి. నేను ఆ బీరపాదు మూలలోనే గొయ్యి తవ్వుతుంటే అమ్మ వచ్చింది.

"ఏందిరా, కూర వండుకునేదాన్ని బొంద పెడుతున్నవ్?"

చల్లటి ఊళ్ల తీగ, ఖమ్మం ఎండకు బతకదని అందరూ అన్నారు. అమ్మ మాత్రం గడువిచ్చింది. "దీపావళి దాక సూస్త. కాయ కనబడకపోతే మొదలుకు కోసి బీర పెడ్త." గడువు పెట్టి పని చెప్తే నాకు హుషారు. తీగ బరువు, కాయల బరువు, వాన, గాలి (పావురాలు వాలితే వాటి బరువు కూడా) లెక్కగట్టి, దానికి మూడింతలు ఆగేలా ఇనుప పైపులతో పందిరి వేశాను. నాన్న దాని చుట్టూ ఓ ప్రదక్షిణ చేశాడు.

"దీనిమీద లారీ ఆపుకోవచ్చురా. తీగ ఎక్కుతదో లేదో గాని."

"ఎక్కుతది నాన్నా, లెక్కుంది."

ఎక్కింది. వానలు వెనకపట్టి ఎండ కాశాక పైపులు పెనంలా కాలి నులితీగలు మాడిపోయాయి. (ఇనుము వేడెక్కుతుందని చదువుకున్నవాణ్ణే.) తడి గోనెలు చుట్టాను. ఆకులు దట్టంగా వచ్చాయి, పూత లేదు. రోజూ ఆఫీసుకు వెళ్లేముందు స్టూలెక్కి ఆకులు ఎత్తి చూసేవాణ్ణి. ఆఫీసులో "ఏమైంది, పిందె పడ్డదా?" అని అడిగితే టిఫిన్ డబ్బాలోకి చూసేవాణ్ణి.

దీపావళి మర్నాడు అమ్మ కొడవలితో వచ్చింది.

"ఇంకో వారం ఆగమ్మా, చలి ముదిరితే పూత వస్తది."

"ఆగీ ఆగీ పందిరి తుప్పు పట్టింది. జరుగు."

అమ్మ వంగి మొదలు పట్టుకుందో లేదో, గోడ మీదుగా పక్కింటి అత్తయ్య తల లేచింది.

"వదినా, ఆగాగు! దాన్ని కోస్తే మా మునగ మీది కాయలేం గావాలె?"

"ఏం కాయలు?"

"అయ్యో, మీరు సూడలే? మొన్న రెండు తెంపి పప్పుల ఏసిన. మస్తుగున్నయ్. మీరే మాకోసం ఇడిసిపెట్టిన్రనుకున్న!"

పరుగెత్తాం. పందిరి చివరి నుంచి ఒక తీగ గోడ దాటి, మునగచెట్టు పలచని నీడలో హాయిగా పాకి, విరగకాసి ఉంది. నేను చూసిందంతా పందిరినే. గోడ అవతల ఏముందో నా డ్రాయింగులో లేదు.

అయినా మునగకు నిచ్చెన వేసి ఎక్కుతుంటే నా ఛాతీ ఉబ్బింది. అమ్మ కొడవలి నా చేతికిచ్చి, అత్తయ్య వైపు తిరిగి, "మావోడే పెట్టిండు వదినా. ఇంజనీరు గదా!" అంది, ఇన్నాళ్లూ ఆమే నీళ్లు పోయించినట్టు. తర్వాత నేను గీసిన పెద్దపెద్ద కట్టడాలు లేచాయి గానీ, ఆ నిచ్చెన మీద నిలబడ్డంత ఎత్తుగా మళ్లీ ఎక్కడా నిలబడలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాడి భుజం తట్టాలనిపిస్తుంది.

ఆ రోజు కోసినవి పందొమ్మిది, అంతకుముందే అత్తయ్య పప్పులోకి వెళ్లినవి రెండు. మొత్తం ఇరవై ఒకటి.